నొస్సం మాన్యాల నుంచి అరవై రెండేళ్ల దాకా

నేటి సంజామల మండలంలోని నొస్సం ఒకప్పుడు పాలెగాళ్ల కోట. అక్కడ కొలువు చేసే కట్టుబడి బంట్లకు పదవీ విరమణ వయసంటూ లేదు. వారి జీతం నగదు కాదు, మాన్యం భూమి. ముసలితనంలోనూ అదే ఆధారం కాబట్టి కొలువు వదులుకోవడమంటే తిండిగింజలు వదులుకోవడమే.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కంపెనీ కలెక్టర్ థామస్ మన్రో పాలెగాళ్ల అధికారం తీసేసి తవర్జీ అనే భరణం ఏర్పాటు చేశాడు. అది చేసిన పనికి ప్రతిఫలం కాదు, అధికారం వదులుకున్నందుకు చెల్లింపు. ఈ సీమ పాలెగాళ్ల వంశీకుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి దక్కింది నెలకు 11 రూపాయల చిల్లర. నొస్సం పాలెగాడైన తాతగారి భరణంలో వాటా ఆయనకు రాలేదు. కట్టుబడుల మాన్యాలనూ సర్కారు లాక్కుంది. 1846లో నరసింహారెడ్డి కంపెనీపై తిరగబడినప్పుడు ఆ కట్టుబడులే ఆయన వెంట నడిచారు. ముసలితనపు ఆధారాన్ని సర్కారు ఏకపక్షంగా మార్చితే ఏమవుతుందో ఈ సీమ అంత ముందుగానే చూసింది.

పింఛను కాలంలో లెక్క మారింది. 2004 సెప్టెంబరుకు ముందు చేరిన రాష్ట్ర ప్రభుత్వోద్యోగికి 33 ఏళ్ల సర్వీసు నిండితే ఆఖరి జీతంలో సగం పింఛను. ఆపైన కొనసాగితే ఇంట్లో ఉన్నా వచ్చే సగం పోను, పనికి అదనంగా దక్కేది మిగతా సగమే. అయినా ఇంక్రిమెంట్లు, వేతన సవరణలు ఆఖరి జీతాన్ని, దాంతోపాటు పింఛనునూ పెంచుతాయి. అందుకే చాలామంది ఉండిపోయారు.

1979లో విరమణ వయసు 55 నుంచి 58కి పెరిగింది. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం దాన్ని మళ్లీ 55కు దించడంతో వేలాదిమంది ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు 58 ఏళ్ల లెక్కన వేసుకున్న కుటుంబాలకు అది పెద్ద దెబ్బ. 1984 ఆగస్టులో 58 తిరిగి వచ్చింది. మధ్యలో బయటికి వెళ్లినవారిలో 58 నిండనివారిని తిరిగి తీసుకోవాలని 1985లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత 2014లో ఆంధ్రప్రదేశ్‌లో వయసు 60 అయింది, 2022 జనవరి నుంచి 62. దీంతో గ్రాట్యుటీ వంటి విరమణ చెల్లింపుల భారం రెండేళ్లు వెనక్కి జరిగింది. ఖాళీల కోసం ఎదురుచూసే నిరుద్యోగుల నిరీక్షణ కూడా అంతే పెరిగింది.

ప్రైవేటు కార్మికుడి లెక్క వేరు. ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) కింద 58కే పింఛను మొదలవుతుంది, పనిలో ఉన్నా తీసుకోవచ్చు. తీసుకోకుండా 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం చొప్పున పెంచుతామని 2016 సవరణ చెప్పింది. ఆ రెండేళ్లూ కొత్తగా చందా కట్టని వ్యక్తికి 5,000 రూపాయల పింఛను 5,408 అవుతుంది. కానీ ఈలోగా వదులుకున్నది 1,20,000. నెలకు 408 చొప్పున అది తిరిగి రావడానికి 24 ఏళ్లకు పైగా పడుతుంది, అంటే 84 దాటాలి. ఎండలో ఒళ్లు వంచి పనిచేసే మనిషికి ఇది ప్రోత్సాహకం అనిపించుకోదు. 58కే పింఛను తీసుకుంటూ, ఓపిక ఉన్నంతకాలం పని కొనసాగించడమే అతనికి లాభం.