ఏరు దాటాక

‘ఆకాశం నీ హద్దురా’ సినిమా విమానం ఎగరడంతో ముగుస్తుంది. బెంగళూరులో జరిగిన కథకు ఆ తర్వాత ఇంకా చాలా ఉంది.

అందులో హీరో సూర్య పాత్రకు మూలమైన కెప్టెన్ జి.ఆర్. గోపీనాథ్ సైన్యం వదిలి హాసన్ జిల్లాలో సేద్యం చేశారు. తర్వాత బెంగళూరు జక్కూరు నుంచి హెలికాప్టర్లు నడిపారు. 2003 ఆగస్టులో ఆయన చవక విమాన సంస్థ ఎయిర్ డెక్కన్ బెంగళూరు నుంచి హుబ్బళ్లికి ఎగిరింది. ఆ తొలిరోజుల్లోనే హైదరాబాద్–విజయవాడ ప్రారంభ విమానం ఇంజన్లో బేగంపేట రన్‌వే మీదే మంటలు లేచాయి. లోపల వెంకయ్యనాయుడు కూడా ఉన్నారు. అయినా జనం ఎక్కడం మానలేదు. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన గళ్ల కోటు సామాన్యుడే ఆ సంస్థకు గుర్తు. బస్సెక్కేవాళ్లను విమానమెక్కించిన సంస్థకు అంతకన్నా తగిన బొమ్మ దొరకదు.

అయితే డెక్కన్ నష్టాల్లోనే ఎగిరింది. ఆ సంగతి దాచడం అన్యాయం. 2007 మే నెలాఖరులో, అప్పటికే కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ నడుపుతున్న విజయ్ మాల్యా యూబీ గ్రూపు 550 కోట్లిచ్చి 26 శాతం వాటా తీసుకుంది. చవక విమానం చవకగానే ఉండాలన్నది గోపీనాథ్ వాదన. కానీ రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? డెక్కన్‌కు ఎర్రరంగు పడింది, పేరు కింగ్‌ఫిషర్ రెడ్ అయింది, ఛార్జీలు పెరిగాయి, సామాన్యుడి బొమ్మ చెరిగిపోయింది. చవకగా నడపడం ఒక పనితనం. ప్రతి నిమిషాన్నీ ప్రతి రూపాయినీ లెక్కపెట్టుకునే చేతులకే అది పట్టుబడుతుంది. యజమాని ఇష్టం ఒక్కటే చెల్లే చోట ఆ చేతులకు పనిలేదు.

అప్పట్లో అయిదేళ్లు దేశంలో ఎగిరిన సంస్థకే విదేశాలకు అనుమతి. కింగ్‌ఫిషర్ ఎగరడం మొదలైందే 2005లో. డెక్కన్ వయసు కలుపుకొని, 2008 సెప్టెంబరులో బెంగళూరు–లండన్ విమానం బయల్దేరింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. సామెతలో పేరు మాత్రం తారుమారైంది. 2011 సెప్టెంబరులో రెడ్‌ను ఎత్తేస్తున్నట్టు మాల్యానే ప్రకటించారు. ఆ ప్రయాణికులకు అప్పటికే ఇండిగో ఉంది.

మిమ్మల్ని నా ఇంటికొచ్చిన అతిథుల్లా చూడమని మా సిబ్బందికి చెప్పానని కింగ్‌ఫిషర్ విమానంలోని తెర మీద మాల్యా పలకరించేవారు. ఇల్లు ఆయనదే, మాటా ఆయనదే. చమురు ధరలు, పన్నులు అన్ని సంస్థలనూ నలిపిన మాట నిజమే. కానీ కింగ్‌ఫిషర్ ఒక్క ఏడాదైనా లాభం చూడలేదు. ఇలా కాదు సార్ అని గట్టిగా చెప్పేవాళ్లు ఆ ఇంట్లో ఉండి ఉంటే అన్న ఊహ నన్ను వదలదు.

చివరికి వద్దన్నది ఇంజినీర్లు. విమానం గాల్లోకి లేవాలంటే లైసెన్సున్న ఇంజినీరు సంతకం పెట్టాలి. యజమాని కేకేసినా అది లేనిదే చక్రం కదలదు. అన్నీ పోయాక ఉద్యోగి చేతిలో మిగిలిన అధికారం అదొక్కటే. నెలల తరబడి జీతాల్లేక 2012 అక్టోబరులో వాళ్లు ఆ సంతకం ఆపేశారు. ఆ రోజుల్లోనే ఢిల్లీలో ఒక ఉద్యోగి భార్య ఇంటి ఇబ్బందులు తాళలేక ప్రాణం తీసుకుంది. అక్టోబరు 20న కింగ్‌ఫిషర్ లైసెన్సు సస్పెండైంది.

2016 మార్చి 2న మాల్యా లండన్ వెళ్లిపోయారు. ఎక్కింది జెట్ ఎయిర్‌వేస్ విమానం.