చదరంగపుఁ బలక మీఁది సంఖ్య



చదరంగపుఁ బలకయందు మొదటి గడిలో నొక గింజ, రెండవదానిలో రెండు, మూఁడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టించుచుఁ బోయినచో అఱువదినాలుగు గళ్లలోని గింజలెన్ని? ఈ ప్రశ్న మీలోఁ బలువురు విన్నదే. జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. సెకండున కొక గింజ చొప్పున రేయుంబవళ్లు లెక్కించినను ముగియుటకు ఇంచుమించు 58,454 కోట్ల సంవత్సరములు పట్టును. బ్రహ్మకుఁ బగలు 432 కోట్ల యేండ్లని పురాణగణన. అట్టి పగళ్లు 135 గడచిపోవును.

ఈ యిరువది యంకెలను మనవారు ఒక్క పద్యమున నిమిడ్చిరి. పావులూరి మల్లన పేరఁ జెప్పఁబడు పద్యమది. మహావీరాచార్యుఁడు తొమ్మిదవ శతాబ్దిలో సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనిఁగించినవాఁడే యీ మల్లన. పద్యమున అంకెలకు మాఱుగా వస్తువుల పేళ్లుండును: చంద్రుఁడన 1, వేదములన 4, శరములన 5, రంధ్రములన 9, ఆకాశమన సున్న. ఒకట్ల స్థానమునుండి యెడమకు వ్రాసికొనుచుఁ బోవలయును.

నేను బడిపంతులుగా నున్న కాలమున ఒక విద్యార్థి దీనిని జదువుచు 'నగ' శబ్దమునకు బదులు 'రస' యనెను. గణభంగము లేదు; వినుట కింపుగానే యున్నది. కాని నగములు 7, రసములు 6. ఆ చోటు పదికోట్ల స్థానము. రెండక్షరములలోఁ బదికోట్ల గింజలు మాయమైనవి! లేఖకుఁడు తాళపత్రమున నట్లే వ్రాసిపెట్టినచో, ఛందస్సు మాత్రము చూచు పండితుఁడు దానిని బట్టుకొనలేఁడు. నావంటి లక్షణజ్ఞులకు మింగుడుపడని మాటయే యైనను నిజము.

కావున సంఖ్యను సంఖ్యచేతనే పరీక్షింపవలయును. రెట్టింపులను 9చే భాగించిన శేషములు 2, 4, 8, 7, 5, 1 అని తిరిగి తిరిగి వచ్చును. అఱువదినాల్గవ రెట్టింపునకు 7. అందొకటి తీసిన 6. మన సంఖ్యలోని యంకెలన్నియుఁ గూడిన 87, దాని శేషము 6. సరిపోయినది. 'రస' పాఠమున 86, శేషము 5, దొంగ దొరకెను. అయితే 9కి బదులు సున్న పడినచో నీ పరీక్షకుఁ దెలియదు. అప్పుడు 17తో భాగింపుఁడు. సరియైన సంఖ్యలో శేషముండదు. ఏ యొక్క యంకె మాఱినను శేషము మిగులును.

ఇంతటి సంఖ్యను సాధించుటకు అఱువదినాలుగు మాఱులు రెట్టింప నక్కఱలేదు. ఏ గడివఱకుఁ గూడినను మొత్తము తరువాతి గడికంటె నొకటి తక్కువ: 1, 2, 4 కూడిన 7, తరువాతిది 8. అఱువదియైదవ గడి యొకటి యున్నదనుకొని దాని విలువ తెలిసికొన్నఁ జాలును. ఛందస్సు చదివినవారికి ప్రస్తారసంఖ్య తెలియును గదా! పింగళుఁడు దానికొఱకు సరిసంఖ్యను సగము చేయుచుఁ బోయి, మరలి వచ్చునపుడు వర్గింపుమనెను. ఆ త్రోవను 2, 4, 16, 256, 65,536, 4,29,49,67,296. దీనిని వర్గించి యొకటి తీసిన మన సంఖ్య వచ్చును. ఆఱు గుణకారములే! క్రీ. శ. 1000 ప్రాంతమున అల్‌బిరూనీయు 16ను మరల మరల వర్గించియే దీనిని సాధించెను.

వర్గమునుండి యొకటి తీసినది, మూలమున కొకటి తక్కువదానికిని ఒకటి యెక్కువదానికిని గుణకారమగును. ఇచ్చట తక్కువది 4,29,49,67,295; అది 3, 5, 17, 257, 65,537 అను సంఖ్యల గుణకారము. ఎక్కువది 4,29,49,67,297. ఒకటిచేతను దనచేతను దప్ప మఱి దేనిచేతను నిది నిశ్శేషముగా భాగింపఁబడదని ఫ్రాన్సు దేశస్థుఁడైన ఫెర్మా 1640లోఁ దలఁచెను. 1732లో ఆయిలరు దానిని 641చే భాగించి, భాగఫలము 67,00,417 అని చూపెను. పద్యములోని సంఖ్యను గూడ 641 నిశ్శేషముగా భాగించును. ఓపిక గలవారు నేఁటి రాత్రి పలకపై వేసి చూడవచ్చును.