శనగ ఆకు పులుపు, పురుగు ఆకలి

శనగపచ్చ పురుగు మందులకు లొంగకపోవడాన్ని ఆంధ్రప్రదేశ్ పత్తి రైతులు 1987లోనే చవిచూశారు. పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు కొట్టినా అది చావలేదు. మరి మొక్కే దాన్ని కొంతైనా నిలువరించగలదా? సికింద్రాబాదుకు పడమరన పటాన్‌చెరులో, 1972లో ఏర్పడిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ ప్రశ్నను శనగ మీద చాలాకాలంగా పరిశీలిస్తోంది.

పొలంలో పురుగు ఉధృతి ఏటా మారుతుంది. పురుగు పడక పచ్చగా మిగిలిన మొక్కను తట్టుకునే రకమని పొరబడవచ్చు. అందుకే తుంచిన కొమ్మతో చేసే పరీక్ష వచ్చింది. ఇక్రిశాట్ శాస్త్రవేత్త హెచ్.సి. శర్మ బృందం 2005లో దాని వివరాలు ప్రచురించింది. శనగ కొమ్మ చివరను కప్పులో గడ్డకట్టిన అగార్ అనే జెల్లీలో గుచ్చుతారు. ఆకు కొన్ని రోజులు వాడదు. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన 10 పిల్ల పురుగులను వదులుతారు. తట్టుకోలేని రకం ఆకులు చాలావరకు అయిపోగానే పరీక్ష ఆపి, నష్టానికి 1 నుంచి 9 వరకు అంకె వేస్తారు. మిగిలిన పురుగులను లెక్కపెట్టి తూకం వేస్తారు. నా దృష్టిలో ఈ తూకమే కీలకం: పురుగు తినడం మానేసిందా, తిన్నా ఎదగలేదా అన్నది తేల్చడానికి ఆకు నష్టం ఒక్కటే చాలదు.

ఐసీసీ 506 ఈబీ వంటి శనగ రకాల మీద పురుగు అంతగా ఎదగదు. కారణాల్లో ఒకటి ఆకు నూగు నుంచి ఊరే పులుపు. అందులో ప్రధానమైనవి మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు. పరిశోధకుడు యోషిదా, ఆయన సహచరులు 1990లలో చేసిన ప్రయోగాల్లో పురుగు ఎదుగుదలను తగ్గించింది ఆక్సాలిక్ ఆమ్లం. మాలిక్ ఆమ్లానికి ఆ ప్రభావం కనిపించలేదు. అయితే ఈ పులుపు ఆకు పైపొర మీదే ఉంటుంది, నీటితో కడిగితే పోతుంది. కాబట్టి వానకు తడిసిన చేనూ, కప్పులోని కొమ్మా ఒకే ఫలితం ఇస్తాయని అనుకోలేం.

ఇంకో పరిమితి ఉంది. కప్పులో పురుగుకు వేరే తిండి లేదు. చేలో తల్లి పురుగు ఏ మొక్క మీద గుడ్లు పెట్టాలో తానే ఎంచుకుంటుంది. ఆ ఎంపిక ఈ పరీక్షలో కనబడదు. అందువల్ల ఈ అంకె వందల రకాల నుంచి కొన్నింటిని ఏరడానికి పనికొస్తుంది గానీ, రకం విడుదలకు అదొక్కటే ఆధారం కాకూడదు.

పురుగును తట్టుకుంటుందని చెప్పి శనగ విత్తనం అమ్మితే, ఏయే ఊళ్ల పొలాల్లో, ఎన్ని పంటకాలాలు చూశారో తప్పక అడగండి.