మిద్దె తోట: ఎండాకాలం చివర్లో ఏ కాయ ఎప్పుడు కోయాలి? ఎలా వండాలి? సొర, దోస చేదుగా ఉంటే మాత్రం బీ అలర్ట్!

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. మరి మిద్దె మీద గ్రో బ్యాగుల్లో, పాత బకెట్లలో పెరిగే మొక్కల పరిస్థితి ఏంటి? మే చివరి వారం నుంచి మృగశిర కార్తె చినుకులు పడేదాకా ఇంటి తోటలో కాపు తీరే మారిపోతుంది. బెండకాయ రెండు రోజులు చూడకపోతే ముదిరిపోతుంది. టమాటా సరిగ్గా ఎర్రబడదు. తోటకూర చూస్తుండగానే కంకి వేస్తుంది. సొర, దోసలో ఒకటో రెండో చేదు కాయలు తగులుతాయి.

ఇందులో మొదటి మూడింటితో పోయేది రుచి మాత్రమే. నాలుగో దాన్ని తేలిగ్గా తీసుకుంటే ఆస్పత్రి పాలు కావాల్సి వస్తుంది. అందుకే ముందు దాని గురించే తెలుసుకుందాం.

చేదు కాయ ఎందుకంత డేంజర్?

సొర, దోస, బీర, గుమ్మడి అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. ఈ మొక్కల్లో కుకుర్బిటాసిన్స్ అనే చేదు పదార్థాలు సహజంగానే ఉంటాయి. పురుగుల నుంచి, పశువుల నుంచి కాపాడుకోవడానికి మొక్క వీటిని తయారు చేసుకుంటుంది. మనం తినే రకాల కాయల్లో ఇవి చాలా తక్కువ. కానీ ఎండ దెబ్బ తగిలినా, నీళ్లు చాలకపోయినా కాయలో ఇవి పెరిగే అవకాశం ఉంది. మిద్దె మీద కుండీలో మట్టి తక్కువ, అది మధ్యాహ్నానికే ఎండిపోతుంది. కాబట్టి ఇంటి తోటలో ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ అవసరం.

ముఖ్యమైన విషయం ఏంటంటే, ఉడికించినా ఈ చేదు పోదు. ఉప్పు, కారం, బెల్లం వేస్తే నాలుకకు తెలియకపోవచ్చు. కానీ ఆ పదార్థం కాయలో అలాగే ఉంటుంది. చేదు సొరకాయ తిన్నా, దాని జ్యూస్ తాగినా కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తీవ్రమైతే రక్తపు వాంతులు అవుతాయి, బీపీ పడిపోతుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. లక్షణాలకు చికిత్స చేయాల్సిందే. అందుకే ఇంట్లో చిట్కాలతో టైమ్ వేస్ట్ చేయకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

చేదు సొరకాయ జ్యూస్‌పై భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, ఓ నిపుణుల కమిటీ వేసింది. ఆ కమిటీ నివేదిక 2012లో ప్రచురితమైంది. జ్యూస్ తీసే ముందు చిన్న ముక్క రుచి చూడాలని, చేదుగా ఉంటే పారేయాలని అందులో స్పష్టంగా చెప్పారు.

నిజానికి ఇది మన వంటింట్లో కొత్తేమీ కాదు. దోసకాయ కోయగానే ఓ ముక్క నోట్లో వేసుకుని, గింజ కూడా కొరికి చూసి, ఆ తర్వాతే పప్పులో వేయడం మన అమ్మమ్మల అలవాటు. అదే పద్ధతి సొరకు, బీరకు కూడా పాటించండి. పచ్చి ముక్కను నాలుక చివర పెట్టుకుని చూస్తే చాలు. చేదు తగిలితే మింగకుండా ఉమ్మేసి నోరు పుక్కిలించండి. ఒకే తీగకు కాసినా ప్రతి కాయనూ విడిగా రుచి చూడాల్సిందే. కాకరకు మాత్రం చేదు సహజం, ఈ రూల్ దానికి వర్తించదు.

కోయడానికి ఏది కరెక్ట్ టైమ్?

తెల్లవారుజామున, ఎండ రాకముందే కోయాలి. రాత్రి చల్లదనానికి కాయలో, ఆకులో నీరు నిండి ఉంటుంది. మధ్యాహ్నం కోసిన ఆకుకూర అరగంటలో వాడిపోతుంది. చేత్తో లాగితే కొమ్మ విరుగుతుంది కాబట్టి కత్తెర వాడండి. వంకాయ, సొరకాయ తొడిమతో సహా కోస్తే ఎక్కువ రోజులు నిల్వ ఉంటాయి. వేపనూనె లాంటిది ఏదైనా కొట్టి ఉంటే కాయల్ని బాగా కడిగాకే వంటింట్లోకి తీసుకెళ్లండి.

ఏ కాయ ఎలా? ఒక్కొక్కటిగా చూద్దాం

బెండకాయ: పువ్వు పూసిన వారం లోపే కాయ కోతకు వస్తుంది. రోజు విడిచి రోజు కోయాల్సిందే. కొన విరిస్తే టక్కున విరిగితే లేత, వంగితే ముదిరినట్టు. ముదురు కాయలు చెట్టుకే వదిలేస్తే కొత్త పూత తగ్గిపోతుంది. వేపుడు చేసేటప్పుడు కాయల్ని కడిగి, పూర్తిగా తుడిచి ఆరాకే కోయండి. మూత పెట్టొద్దు, ఉప్పు చివర్లో వేయండి. జిగురు ఇంకా ఉందనిపిస్తే ఒక చెంచా పెరుగు చాలు. పులుసులో అయితే ఆ పని చింతపండే చూసుకుంటుంది.

వంకాయ: తొక్క నిగనిగలాడుతున్నప్పుడే కోయాలి. మెరుపు తగ్గిందంటే లోపల గింజ గట్టిపడుతున్నట్టే. లేతవి గుత్తి వంకాయకు, కాస్త పెద్దవి కాల్చి పచ్చడికి పెట్టుకోండి. తరిగిన ముక్కలు నల్లబడకుండా ఉప్పునీళ్లలో వేయడం మర్చిపోకండి.

టమాటా: ఎండాకాలం చివర్లో టమాటా పసుపుగానో, నారింజ రంగులోనో ఆగిపోవడం చాలామంది చూసే ఉంటారు. ఇది తెగులు కాదు. ఎండ మరీ ఎక్కువైతే కాయకు ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగ్గా తయారవ్వదు. అందుకే కాయ అడుగున కొద్దిగా రంగు తిరగ్గానే కోసేసి, ఇంట్లో నీడపట్టున ఉంచండి. అక్కడే పండుతుంది. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం సరిగ్గా పండదు. రంగు తిరగని కాయలు మిగిలితే పచ్చిమిర్చితో నూనెలో మగ్గించి, వేయించిన నువ్వులు కలిపి రోట్లో నూరితే పచ్చి టమాటా పచ్చడి రెడీ.

సొర, బీర, దోస: సొరకాయకు నూగు ఉండి, గోరు గుచ్చితే సులువుగా దిగితే లేత. బీరకాయ ఈనెలు గట్టిపడక ముందే కోయాలి. దాని పొట్టు పారేయకండి. పచ్చిమిర్చి, చింతపండుతో వేయించి నూరితే పొట్టు పచ్చడి అదిరిపోతుంది. పసుపు రంగు తిరిగి గట్టిగా ఉన్న దోసకాయ పప్పుకు బాగుంటుంది. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపితే దోసావకాయ. అయితే ఇది మామిడికాయ ఆవకాయలా ఏడాది నిల్వ ఉండదు, కొద్ది రోజుల్లోనే తినేయాలి. ఈ మూడింటికీ మొదటి స్టెప్ మాత్రం ఒకటే: రుచి చూడటం!

గోంగూర, తోటకూర: వేళ్లతో పీకేయకుండా అడుగున రెండు మూడు కణుపులు వదిలి కోయండి. మళ్లీ చిగురేస్తుంది. తోటకూర కంకి వేస్తే కాడ పీచు పట్టేస్తుంది కాబట్టి పూత కనిపించగానే కోసేయండి. లేత కాడలు పులుసులోకి, ఆకు వేపుడుకి వాడుకోవచ్చు. గోంగూరకు నీళ్లు పోయక్కర్లేదు. తడి ఆరిన ఆకును నూనెలో వేస్తే తన నీళ్లకే మెత్తగా మగ్గుతుంది. ఎర్ర గోంగూరకు పులుపు ఎక్కువ, చింతపండు చూసుకుని వేయండి. పులుపు వంటలకు అల్యూమినియం గిన్నె కంటే స్టీలు, మట్టి పాత్రలే బెస్ట్.

కాపు ఎక్కువైతే ఎండకే అప్పజెప్పండి

కూరగాయల్ని మాడ్చే ఈ ఎండే వాటిని దాచుకోవడానికి కూడా పనికొస్తుంది. వంకాయ, గోరుచిక్కుడు, కాకర ముక్కల్ని ఎండబెట్టి దాచుకునే వరుగులు మన పాత పద్ధతి. తెలంగాణలో వీటినే ఒరుగులు అంటారు. గోరుచిక్కుడును ఉప్పునీళ్లలో ఒక ఉడుకు రానిచ్చి, వడకట్టి ఎండబెట్టాలి. ముక్క విరిస్తే పెళుసుగా విరగాలి. ఏ కాస్త చెమ్మ మిగిలినా బూజు పట్టేస్తుంది.

మిరపకాయలు ఎక్కువగా ఉంటే చల్ల మిరపకాయలు పెట్టేయండి. కాయకు గాటు పెట్టి, ఉప్పు వేసిన పుల్లటి మజ్జిగలో రాత్రంతా నానబెట్టాలి. పగలు ఎండలో పెట్టి, సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో వేయాలి. మజ్జిగ ఇంకిపోయేదాకా ఇలా చేసి, చివర్లో బాగా ఎండనివ్వాలి. వానాకాలంలో పప్పన్నంలోకి వేయించుకుంటే ఆ మజానే వేరు. నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ మొదటి రెండు వారాల్లో తెలుగు రాష్ట్రాలను పలకరిస్తాయి. అంటే ఎండబెట్టే పని అంతకుముందే ముగించాలన్నమాట.

విత్తనం కట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి

తొలకరికి మళ్లీ విత్తుకోవాలంటే ఆరోగ్యంగా ఉన్న మొక్కకు ఒకటి రెండు కాయలు వదిలేయండి. బెండకాయ చెట్టు మీదే ఎండాలి. సొరకాయ తొక్క చెక్కలా గట్టిపడాలి. చేదు కాయ గింజల్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విత్తనానికి ఉంచొద్దు. ఎరువు గుంతలోనో, కుండీలోనో తనంతట తానే మొలిచిన సొర, దోస, గుమ్మడి తీగలతోనూ జాగ్రత్త. వేరే రకంతో పరాగ సంపర్కం జరిగి పుట్టిన గింజైతే దాని కాయలు చేదుగా రావచ్చు.

ఇంటి కాయ కదా, మందులు కొట్టలేదు కదా, పారేయడానికి మనసు రావట్లేదా? మందు లేకపోవడం వేరు, చేదు లేకపోవడం వేరు. నెలల తరబడి నీళ్లు పోసి పెంచిన కాయైనా సరే, చేదు తగిలితే చెత్తబుట్టలో వేసేయండి. తోటలో ఇంకో కాయ ఎలాగూ కాస్తుంది.