డీఓ అంటే డాక్టరేనా? నది దాటితే అర్థం మారిపోయే రెండక్షరాలు

ఈ ఎపిసోడ్‌కి కారణం కెనడాలోని బ్రాంప్టన్ నుంచి ఒక అమ్మ పెట్టిన మెసేజ్. "బాబూ, మావాడికి అమెరికాలో, మిషిగన్‌లో డీఓ సీటొచ్చింది. మా ఇంటి దగ్గర ప్లాజాలో మసాజ్ సెంటర్ బోర్డు మీద కూడా ఆస్టియోపతి అనే ఉంది. ఇంత అప్పు చేసి పంపిస్తే వీడు డాక్టరై తిరిగొస్తాడా, ఒళ్లు పట్టేవాడై తిరిగొస్తాడా?"

నేను చదివింది బీటెక్. మెడిసిన్ గురించి నాకేం తెలుసు? రెండు లైన్లు రిప్లై ఇచ్చేసి ఊరుకుందాం అనుకున్నా. తవ్వేకొద్దీ నూటయాభై ఏళ్ల కథ బయటికొచ్చింది. ఆవిడ డౌట్‌లో తప్పేం లేదండీ. డెట్రాయిట్ నదికి అటు అమెరికా, ఇటు కెనడా. ఆస్టియోపతి అనే మాటకి అటు ఒక అర్థం, ఇటు ఇంకో అర్థం.

మొదలు ఆండ్రూ టేలర్ స్టిల్ అనే ఆయన దగ్గర. 1828లో వర్జీనియాలో పుట్టాడు. ఆయనా డాక్టరే. 1864లో మెనింజైటిస్ వచ్చి ఆయన పిల్లలు ముగ్గురు చనిపోయారు. ఆ రోజుల్లో వైద్యం అంటే ఏంటో తెలుసా? పాదరసం కలిపిన మందులు, నరం కోసి రక్తం తీయడం. కళ్ల ముందే పిల్లలు పోయాక ఆ మందుల మీద ఆయనకి నమ్మకం చచ్చిపోయింది. ఎముకలు, కండరాలు, రక్తప్రసరణ సరిగ్గా ఉంటే శరీరం తనను తానే బాగు చేసుకుంటుంది అన్నాడు. 1874లో ఈ ఆలోచనని బయటపెట్టాడు, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టాడు. అందులో ఆడవాళ్లకీ మొదటి బ్యాచ్ నుంచే సీట్లు ఇచ్చాడు. ఆ కాలానికి ఇది చిన్న విషయం కాదు.

ఆయన చెప్పిందంతా కరెక్టా అంటే కాదు. చాలా వాటికి సైన్స్ సపోర్ట్ లేదు. కానీ ఆయన శిష్యులు ఆయన దగ్గరే ఆగిపోలేదు, కథలో అసలు మలుపు అదే. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే ఆయన అమెరికా, కెనడాల మెడికల్ కాలేజీలన్నీ తిరిగి ఒక రిపోర్ట్ రాశాడు. ఆస్టియోపతి కాలేజీలని చీల్చి చెండాడాడు. వాళ్లకి కోపం వచ్చింది, కానీ మెల్లమెల్లగా సిలబస్ మార్చుకున్నారు. మందులు వద్దు అన్నవాళ్లే ఫార్మకాలజీ నేర్పడం మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం డీఓలని డాక్టర్లుగా తీసుకోలేదు. ఆ అవమానమే వాళ్లకి కలిసొచ్చింది. ఎండీలు యుద్ధానికి పోతే, ఊళ్లో పేషెంట్లని చూసింది ఇంటి దగ్గర మిగిలిపోయిన డీఓలే. 1966లో సైన్యం కూడా తలుపు తీసింది.

మధ్యలో కాలిఫోర్నియాలో ఒక తమాషా జరిగింది. 1961లో అక్కడి ఆస్టియోపతి కాలేజీని మామూలు మెడికల్ కాలేజీ చేసేశారు. 65 డాలర్లు కడితే డీఓ డిగ్రీ స్థానంలో ఎండీ డిగ్రీ ఇచ్చేశారు! రెండు వేల మందికి పైగా తీసుకున్నారు. రాత్రికి రాత్రి వాళ్ల చేతుల్లోకి కొత్త చదువేమీ రాలేదు, అక్షరాలు మాత్రం మారాయి. అంటే రెండింటికీ తేడా ఎంతుందో వాళ్లే ఒప్పుకున్నట్టు కదా. ఇక 2020 నుంచి అమెరికాలో ఎండీలకీ డీఓలకీ రెసిడెన్సీ ట్రైనింగ్ ఒకే వ్యవస్థ కింద నడుస్తోంది. ఇప్పుడు అమెరికాలో డీఓ అంటే ఆపరేషన్ చేయొచ్చు, మందులు రాయొచ్చు, పూర్తి స్థాయి డాక్టర్.

మరి కెనడాలో ఏమైంది? ఈ డిగ్రీ ఇచ్చే మెడికల్ కాలేజీ ఇప్పటికీ అక్కడ ఒక్కటి కూడా లేదు. 1925లో ఒంటారియో ప్రభుత్వం 'డ్రగ్‌లెస్ ప్రాక్టిషనర్స్ యాక్ట్' అని ఒక చట్టం చేసింది. పేరులోనే ఉంది, మందుల్లేని వైద్యులు. ఆస్టియోపాత్‌లని కైరోప్రాక్టర్లతో కలిపి ఆ గాటికే కట్టేశారు. (కైరోప్రాక్టిక్ మొదలుపెట్టిన డీ.డీ. పామర్ ఒంటారియోలో పుట్టినవాడే, అది వేరే ఎపిసోడ్.) అమెరికాలో వాళ్లు మందుల వైపు నడుస్తున్న టైమ్‌లోనే ఇక్కడ చట్టమే మందులు ముట్టుకోవద్దంది.

అలా కెనడాలో ఆ పేరు ఖాళీగా మిగిలింది. ఖాళీ ప్లాట్ ఉంటే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు కదా. 1981లో మాంట్రియల్‌లో ఒక ఆస్టియోపతి కాలేజీ మొదలైంది. అది నేర్పేది చేతులతో చేసే థెరపీ, మెడిసిన్ కాదు. అక్కడ డీఓ అంటే ఆ థెరపీలో డిప్లొమా. అవే రెండక్షరాలు! వాళ్లు మోసగాళ్లని నేననను, నడుం నొప్పి తగ్గించుకున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు. కానీ వాళ్లు డాక్టర్లు కాదు. ఒంటారియోలో 1991 నాటి మెడిసిన్ యాక్ట్ ప్రకారం 'ఆస్టియోపాత్' అనే టైటిల్ లైసెన్స్ ఉన్న డాక్టరే వాడాలి. అందుకే ప్లాజాల్లో బోర్డులు 'ఆస్టియోపతి' అంటూ, 'మాన్యువల్ ప్రాక్టిషనర్' అంటూ పక్కదారిలో రాస్తుంటాయి.

ఇంత గందరగోళం ఉంటే కెనడా పిల్లలు ఎందుకు వెళ్తున్నారు? సీట్లు లేక. 1991లో బేరర్, స్టోడార్ట్ అనే ఇద్దరు ఎక్స్‌పర్ట్‌లు ప్రభుత్వాలకి ఒక రిపోర్ట్ ఇచ్చారు. అందులో చాలా సలహాలున్నాయి. ప్రభుత్వాలు ముందుగా పట్టుకున్నది మాత్రం మెడికల్ సీట్లు పది శాతం తగ్గించమన్న మాట. 1993లో కోసేశారు. ఆ తర్వాత డాక్టర్ల కొరత వచ్చింది, సీట్లు మళ్లీ పెంచారు. అయినా అప్లై చేసేవాళ్లు ఎక్కువ, సీట్లు తక్కువ. నది అవతల మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ఆస్టియోపతిక్ కాలేజీ అయితే కెనడా స్టూడెంట్స్‌ని ప్రత్యేకంగా పిలిచి మరీ తీసుకుంటోంది. మన పిల్లలు కిర్గిజ్‌స్తాన్, జార్జియా వెళ్లి ఎంబీబీఎస్ చేసొచ్చి ఎఫ్ఎంజీఈ రాస్తారే, దాదాపు అలాంటి పరిస్థితే.

వెళ్లడం కంటే తిరిగి రావడం కష్టం. వాళ్లు కెనడా పౌరులు కాబట్టి అమెరికా ఫెడరల్ స్టూడెంట్ లోన్ రాదు, బ్యాంకు దగ్గర అప్పు చేయాల్సిందే. జే-1 వీసా మీద అమెరికాలో రెసిడెన్సీ చేయాలంటే కెనడా ఆరోగ్య శాఖ నుంచి, ఈ స్పెషాలిటీ మాకు అవసరం అని లెటర్ కావాలి. అయిపోయాక మామూలుగా రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. సరే వచ్చేద్దాం అంటే ఇంకో చిక్కు. పిల్లల డాక్టర్ కావాలంటే అమెరికాలో మూడేళ్ల ట్రైనింగ్, కెనడాలో నాలుగేళ్లు. ఆ ఒక్క ఏడాది ఎక్కడ చేయాలి? పైగా ఒక్కో ప్రావిన్స్‌కి ఒక్కో రూల్. ఫ్యామిలీ మెడిసిన్ తీసుకున్నవాళ్లు కొంచెం నయం, అమెరికాలో మూడేళ్లు, కెనడాలో రెండేళ్లే కాబట్టి లోటు పడదు.

నిజం చెప్పాలంటే నాకు ఇక్కడే ఒళ్లు మండింది. ఫ్యామిలీ డాక్టర్ దొరకడం లేదని ఒక పక్క మొత్తుకుంటున్న దేశం, సొంత ఖర్చుతో చదువుకున్న సొంత పిల్లలని గుమ్మం దగ్గర నిలబెట్టి కాగితాలు అడుగుతోంది.

ఆ అమ్మకి నేను పెట్టిన రిప్లై ఇది: "అమ్మా, మీవాడు డాక్టరే అవుతాడు. ఒంటారియోలో అమెరికా డీఓకి డాక్టర్ లైసెన్స్ ఇస్తారు. కానీ మొదటి ఏడాదిలోనే మూడు విషయాలు కనుక్కోమనండి: ఏ స్పెషాలిటీ, ఏ వీసా, ఏ ప్రావిన్స్."

రెండు రోజులకి ఆవిడ జవాబొచ్చింది. "థాంక్స్ బాబూ. వాడు పీడియాట్రిక్స్ అంటున్నాడు. ఆ నాలుగో ఏడాది సంగతి ఎవరిని అడగాలి?"