చీనాభాషాధ్యయనము - విద్యార్థివేతనములు

భావవివేకాచార్యుని కరతలరత్నమను గ్రంథమునకు సంస్కృతమూలము నేడు లభింపదు. 7వ శతాబ్దియందు హ్యూన్‌త్సాంగు చేసిన చీనా పరివర్తన మొక్కటియే దానిని గాపాడినది. ఈ యాచార్యుడు ధాన్యకటకమున కనతిదూరమున నొక కొండలో మైత్రేయుని యాగమనమునకై నిరీక్షించెనని యా యాత్రికుడే వ్రాసియున్నాడు. ఆంధ్రదేశముతో నింత సంబంధముగల శాస్త్రమును జదువగోరువాడు చీనాలిపి నభ్యసింపవలసివచ్చుట విచిత్రమే. ఆ యభ్యాసమునకు గూడుగుడ్డల నెవ్వరు సమకూర్చిరన్నది చరిత్రమున విచారింపదగిన విషయము.

పూర్వకాలమున విద్యార్థివేతనమను పేరు లేకున్నను, దాని పనిని విహారములు నిర్వహించుచుండెను. నలందావిహారమునకు 200లకు మించిన గ్రామముల యాదాయము గలదని ఇత్సింగు వ్రాసెను. 671లో స్వదేశమును విడిచిన యీ భిక్షువు త్రోవలో శ్రీవిజయమున నాఱునెలలు నిలిచి సంస్కృతవ్యాకరణము నేర్చెను. కుమారజీవుని చదువు వేఱువిధమైనది. 384లో సైన్యమునకు జిక్కి, రమారమి 17 సంవత్సరములు లియాంగ్‌చౌ నగరమున నిర్బంధములో గడపి, యతడు చీనాభాష గఱచెను. 401లో చాంగాను చేరిన పిదపగాని రాజాదరము లభింపలేదు. చెఱసాల పాఠశాల యగుట యెవ్వరును గోరరాని వేతనము! హ్యూన్‌త్సాంగు ధాన్యకటకమున సుభూతి, సూర్యులను నిరువురు భిక్షువులకడ మహాసాంఘికుల యభిధర్మమును గొన్నినెలలు చదివెను. వారును నతనివలన మహాయానశాస్త్రముల నభ్యసించిరి. గురుశిష్యభావ మిరుప్రక్కల నుండుట యీ వృత్తాంతమునకు శోభ.

అటుపిమ్మట భారతదేశమున చీనా నేర్చువారు లేరైరి. 1921లో సిల్వేన్ లెవీ పండితుడు శాంతినికేతనమునకు వచ్చినప్పుడు, ప్రబోధచంద్ర బాగ్చి యాయనకడ చీనా, టిబెట్టు భాషల నారంభించెను. చదువు ముగియుటకు పారిసునకే పోవలసివచ్చెను. భారతీయుల గ్రంథములను భారతీయుడు ఫ్రాన్సుదేశమున జదివి రావలసినంత దూర మేర్పడియుండెను. చీనాయందలి బౌద్ధపిటకమునుగూర్చి యాయన ఫ్రెంచిభాషలో వ్రాసిన గ్రంథము 1927లో వెలువడనారంభించెను.

రవీంద్రనాథ ఠాకూరు 1924లో చీనాకు బోయివచ్చెను. 1928లో తాన్ యున్ షాన్ శాంతినికేతనము జేరి కొలదిమంది విద్యార్థులకు చీనా బోధింపదొడగెను. గ్రంథములకును, వసతికిని ధనము కావలెను గనుక నాయన మరల స్వదేశమునకేగి విరాళములను సమకూర్చెను. 1933లో నాంకింగునందు చీనా-భారత సాంస్కృతికసంఘము స్థాపితమయ్యెను. 1937 ఏప్రిలు 14వ తేదీన చీనాభవనము ప్రారంభింపబడెను. ఆ యుత్సవమునకు రావలసిన జవాహర్‌లాల్ నెహ్రూ యస్వస్థుడగుటచే కుమార్తె ఇందిర వచ్చి తండ్రి సందేశమును జదివెను. భవనముకంటె నందలి గ్రంథరాశియే గొప్పది. పిటకము చేతికందనిచో వేతన మెంతయిచ్చినను విద్యార్థికి ఫలము లేదు.

1947లో భారతప్రభుత్వము విద్యార్థులను వేతనములిచ్చి పెకింగునకు బంపెను. బాగ్చిని నచటి విశ్వవిద్యాలయమున నాచార్యునిగా నియమించెను. కాలము మాత్ర మనుకూలము కాదు. అంతర్యుద్ధము సాగుచుండెను, 1948 ఆగస్టున ప్రవేశపెట్టిన క్రొత్తనాణెము కొలదినెలలలోనే విలువ గోల్పోయెను, 1949 జనవరిలో నగరము కమ్యూనిస్టుల వశమయ్యెను. అయినను నా విద్యార్థులలో నొకడగు పరాంజపే 1954లో నెహ్రూ, మావోల సంభాషణమున దుబాసిగా నుండెను. ఒక్కని చదువునకైన వ్యయ మింత త్వరలో ఫలించుట యరుదు.

పాండిత్యఫలము వేఱు. ఎన్. అయ్యాస్వామిశాస్త్రి హ్యూన్‌త్సాంగు పాఠమునుండి కరతలరత్నమును మరల సంస్కృతీకరించి 1949లో విశ్వభారతి పక్షమున ప్రకటించెను. నాగార్జునునిదని ప్రతీతిగల ద్వాదశముఖశాస్త్రమునకు కుమారజీవుని పరివర్తనమే శరణము కాగా, 1954లో దానికిని నట్లే చేసెను. పునారచితవాక్యము భావవివేకుని వాక్యమే యని వాదించుట యుక్తము గాదు. అద్దములోని ముఖము ముఖము కాదు. కాని ముఖమే కానరాని యెడ నద్దమును నిరసించుట తగదు.

1962 యుద్ధముతో రాకపోకలు నిలిచెను. 1976లో రాయబారులు మరల నియుక్తులైరి. 1988లో సాంస్కృతికసహకారపు టొడంబడిక కుదిరెను. తరువాత చీనాప్రభుత్వ వేతనములపై బోవువారికి చదువునకు ముందు భాషాసన్నాహమునకై సామాన్యముగా నొకయేడు, కొన్ని విద్యలకు రెండేండ్లు నియమింపబడెను. అంగడిలోను, కచ్చేరిలోను మాటలాడుట కీ కాలము కొంతవఱకు చాలును. హ్యూన్‌త్సాంగు వాక్యమునకు జాలదు. అది ప్రాచీనశైలి, అందలి పారిభాషికపదముల వెనుక సంస్కృతముండును, సందేహనివృత్తికి టిబెట్టు పాఠమును జూడవలయును. మూడుభాషల నొక్కని యందు గూర్చుట రెండేండ్ల పని గాదు. కరతలరత్నము చీనాపిటకమున రెండు చుట్టలు మాత్రమే. వాని నొరుల సాయములేక చదువగల్గుటకు బాగ్చివంటివానికిని శాంతినికేతనము, పారిసు రెండును గావలసివచ్చెను.