ఉద్యోగం కోసం వర్క్ శాంపిల్ పంపుతున్నారా? క్లయింట్ వివరాలు జాగ్రత్త

జగ్గయ్యపేట, నందిగామల్లో బీకాం అయ్యాక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గరో, సీఏ ఆఫీసులోనో చేరే పిల్లలు ఉన్నారు. వేదాద్రి లాంటి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లూ బస్సెక్కి వచ్చి పని నేర్చుకుంటారు. రెండు మూడేళ్లయ్యాక విజయవాడకో, హైదరాబాద్‌కో, గల్ఫ్‌కో అప్లై చేస్తారు. అక్కడ "చేసిన పని ఏదైనా చూపించు" అంటారు. తొందరలో పాత షాపు రిటర్నో, బ్యాలెన్స్ షీటో వాట్సాప్‌లో పెట్టేస్తారు. తప్పు జరిగేది అక్కడే.

నైపుణ్యం మీది, లెక్కలు వాళ్లవి

పని నేర్చుకున్నది మీరే, దాన్ని ఎవరూ తీసుకోలేరు. ఆ ఫైల్‌లోని అమ్మకాలు, అప్పులు, జీతాలు మాత్రం క్లయింట్‌వి. మన ఇళ్లలో చెప్పుకునే మాటలో అది అమానత్.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీనికి దగ్గరి మాటే చెప్పింది. స్టాంపు చట్టానికి రాష్ట్రం 1986లో సవరణ తెచ్చింది. అధికారి పంపిన ఎవరైనా బ్యాంకుల్లోని దస్తావేజులు తనిఖీ చేయొచ్చన్నది దాని సారం. హైకోర్టు దాన్ని కొట్టేసింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కెనరా బ్యాంక్ కేసులో 2004 నవంబర్ 1న సుప్రీంకోర్టు కూడా హైకోర్టు మాటే నిలబెట్టింది. కాగితం బ్యాంకు చేతికి వెళ్లినంత మాత్రాన కస్టమర్ గోప్యత పోదని చెప్పింది. ఆ కేసు ప్రభుత్వ అధికారాల గురించే అయినా, ఇతరుల కాగితాలు చేతిలో ఉన్న అందరికీ అందులో పాఠం ఉంది.

చట్టం ఏమంటుంది?

- చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, 1949 ప్రకారం క్లయింట్ అనుమతి లేకుండా సమాచారం బయటపెట్టడం సీఏకి వృత్తిపరమైన దుష్ప్రవర్తన. అసిస్టెంట్ ఫైల్ పంపినా క్లయింట్ ముందు నిలదీసేది సీఏనే.
- ఐటీ చట్టం 72ఎ సెక్షన్: ఒప్పందం కింద పనిచేస్తూ చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని, నష్టం కలుగుతుందని తెలిసీ అనుమతి లేకుండా బయటపెడితే రూ.25 లక్షల వరకు జరిమానా.
- కాపీరైట్ చట్టం, 1957: ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు.

పేరు కొట్టేస్తే సరిపోదు

జీఎస్టీ నంబర్‌లో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్, తర్వాతి పది పాన్ నంబరే. దాన్ని జీఎస్టీ పోర్టల్‌లో కొడితే వ్యాపారి పేరు ఎవరికైనా కనిపిస్తుంది. పీడీఎఫ్‌లో నల్ల గీత పెట్టినా, కింద అక్షరాలు కాపీ అవ్వొచ్చు. ఎక్సెల్‌లో దాచిన షీట్లు, ఫైల్ ప్రాపర్టీస్‌లో కంపెనీ పేరు మిగిలిపోతాయి. పైగా మనవి చిన్న ఊళ్లు. వ్యాపారం ఏదో, టర్నోవర్ ఎంతో తెలిస్తే ఏ షాపో టీ బంకు దగ్గరే చెప్పేస్తారు.

మరి ఏం చూపించాలి?

లేని షాపు ఒకటి ఊహించుకోండి. టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో లైసెన్స్ లేకుండానే సాధన చేయొచ్చు, కాకపోతే కొన్ని తేదీలకే ఎంట్రీలు పడతాయి. ఇరవై కొనుగోళ్లు, ముప్పై అమ్మకాలు, ఒక క్రెడిట్ నోట్ వేయండి. జీఎస్టీఆర్-2బి తరహా పట్టిక ఒకటి మీరే తయారుచేసి, కొనుగోళ్లతో సరిపోల్చి, తేడా ఎక్కడొచ్చిందో, ఎలా సరిచేశారో ఒక పేజీలో రాయండి. పాత రిటర్న్ కంటే ఇదే మీ పనితనాన్ని బాగా చూపిస్తుంది.

అసలు ఫైలే కావాలంటే క్లయింట్ దగ్గర, ఆఫీసు యజమాని దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఏ ఫైల్, ఎవరికి పంపుతున్నారో అందులో ఉండాలి. చేరేటప్పుడు సంతకం పెట్టిన గోప్యతా ఒప్పందం ఉంటే ముందు అది చదవండి.

ఇంటర్వ్యూలో ఒత్తిడి చేస్తే ఇలా చెప్పండి: "సార్, అది క్లయింట్ ఫైల్, పంపలేను. అదే పని నమూనా లెక్కలతో చేసి రేపు ఇస్తాను." పాత క్లయింట్ గుట్టు కాపాడినవాళ్లు తమ గుట్టూ కాపాడతారని మంచి యజమానికి అర్థమవుతుంది.

ఫొటోలు, మెహందీ పనికీ ఇదే లెక్క

ఫొటో స్టూడియోలో పనిచేసేవాళ్లు కొత్త చోట వలీమా ఆల్బమ్ చూపించే ముందు ఆ కుటుంబాన్ని అడగాలి. ముఖ్యంగా ఆడవాళ్ల ఫొటోలు అనుమతి లేకుండా ఎవరి ఫోన్‌కూ పంపకూడదు. మెహందీ పెట్టే అమ్మాయిలు డిజైన్లను కాగితం మీదో, ఒప్పుకున్న చెల్లెలి చేతి మీదో వేసి ఫొటో తీసుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు.

పంపే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ ఫైల్ ఆ క్లయింట్ పోటీదారుడి చేతికి చేరితే ఏమవుతుంది? జవాబు చెప్పడానికి తడబడితే పంపకండి.